పాలు పడనివాడికి పెరుగు ఎలా పడింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పెరుగులోని మేలుచేసే బాక్టీరియా మీద చాలా ఏళ్లు పనిచేశానని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ మాటలు మన బడి వరండాలోనే మొదలవుతాయి.

మా రోజుల్లో ఇంటర్వెల్లో పాలపిండి కలిపిన పాలు గ్లాసుల్లో పోసేవారు. మా క్లాసులో ఒకడు ఉండేవాడు. వాళ్ల నాన్న పోర్టులో కళాసీ. ఆ పాలు తాగిన గంటకే వాడు కడుపు పట్టుకుని బయటికి పరుగెత్తేవాడు. లెక్కల పీరియడ్ ఎగ్గొట్టడానికి వేషాలని మేం నవ్వేవాళ్లం. మధ్యాహ్నం మాత్రం క్యారేజీలో తెచ్చుకున్న పెరుగన్నం హాయిగా తినేవాడు. "పాలు పడనివాడికి పెరుగు ఎలా పడిందిరా?" అని ఏడిపించినవాళ్లలో నేనే ముందు. వాడు పాలు తాగడం మానేశాడు. జవాబు మాత్రం వాడి దగ్గర లేదు.

నాకు జవాబు దొరికింది చాలా ఏళ్ల తర్వాత, పుస్తకాల్లో.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా విడగొట్టే పని మన చిన్నపేగులోని లాక్టేజ్ అనే ఎంజైముది. పసితనంలో పుష్కలంగా ఉండే ఈ ఎంజైము పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఇలాంటివారే. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. దాంతో ఉబ్బరం, నొప్పి, విరేచనాలు. ఇందులో వేషం లేదు.

గోరువెచ్చని పాలలో తోడు వేస్తే అందులోని బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపుకు కేసీన్ అనే ప్రోటీను గట్టిపడి పెరుగు తోడుకుంటుంది. అయినా పెరుగులో లాక్టోజ్ చాలావరకు మిగిలే ఉంటుంది. మరి అది ఎలా అరుగుతోంది?

1984లో అమెరికాలోని మిన్నెసోటా పరిశోధకులు లాక్టోజ్ అరగనివారికి ఒకసారి పాలు, ఒకసారి యోగర్ట్ ఇచ్చి, వాళ్ల ఊపిరిలోని హైడ్రోజన్ కొలిచారు. లాక్టోజ్ అరగకపోతే ఆ వాయువు పెరుగుతుంది. లాక్టోజ్ మోతాదు దాదాపు ఒకటే అయినా, యోగర్ట్ తిన్నప్పుడు పాలతో పోలిస్తే మూడోవంతు హైడ్రోజనే వచ్చింది. కారణం ఆ బాక్టీరియాలోనే ఉంది. లాక్టోజ్‌ను విడగొట్టే బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైమును అది తన కణంలో దాచుకుని జీర్ణాశయం దాటిస్తుంది. చిన్నపేగులో పైత్యరసం తగిలాక ఆ ఎంజైము పనిలోకి దిగుతుంది. మనకు లేని పనిముట్టును పెరుగు తనవెంటే తెచ్చుకుంటుందన్నమాట.

అందుకు బాక్టీరియా బతికి ఉండాలి. మరిగించిన మజ్జిగ పులుసులో రుచి ఉంటుంది గానీ ఈ సాయం ఉండదు.

మరో మాట. పెరుగు సర్వరోగ నివారిణి అని నేను చెప్పను. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు ప్రోబయోటిక్ అంటే ఏమిటో నిర్వచించారు. అది సజీవంగా ఉండాలి, తగినంత మోతాదులో అందాలి, ఆరోగ్యానికి మేలు చేయాలి. మన ఇంటి తోడులో ఏ బాక్టీరియా ఎంత ఉందో ఇంటింటికీ మారుతుంది. కాబట్టి మంచి ఆహారమనే చెబుతాను, మందు అనను. పాల అలర్జీ వేరే సంగతి. అది ఉన్నవారికి పెరుగు కూడా పడదు. పిల్లలు బరువు తగ్గుతున్నా, విరేచనాలు ఆగకపోయినా డాక్టరుకు చూపించండి.

టీచర్లుగా పనిచేస్తున్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక మనవి. "పాలు పడవు" అని పిల్లవాడు చెబితే ముందు నమ్మండి.

ఆ కళాసీ గారబ్బాయి ఈరోజు సభకు వచ్చాడు, మూడో వరుసలో ఉన్నాడు. పేరు చెప్పను. ఒరేయ్, నువ్వు చెప్పింది నిజమేరా. ఇంత ఆలస్యంగా ఒప్పుకుంటున్నందుకు క్షమించు. భోజనాల్లో నీ పక్కన నాకో చోటు ఉంచు. పెరుగన్నం దాకా లేవకు.