యుద్ధం చూసిన కళ్లు, కొండల ఫొటోలు



మీలో చాలామంది తెల్లారకముందే లేచి ఘాట్ రోడ్డు మీద పరుగులు తీస్తున్నారు, ఆర్మీ సెలక్షన్ల కోసం. సంతోషమే. వెళ్లేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. నేను తిరిగొచ్చిన వాళ్ల గురించి మాట్లాడతాను.

డాన్ మెకల్లిన్ అని ఒకాయన ఉన్నాడు. 1935లో లండన్‌లో ఒక పేదవాడలో పుట్టాడు. ఆ రోజుల్లో అక్కడి కుర్రాళ్లు తప్పనిసరిగా కొంతకాలం సైన్యంలో పనిచేయాలి. ఈయన వాయుసేనకు వెళ్లి, ఫొటోగ్రాఫర్ కావాలని రాతపరీక్ష రాసి తప్పాడు. (డీఎస్సీ తప్పిన మా పిల్లలకు ఈ మాట చెప్తుంటాను.) డార్క్‌రూమ్ పనిలో పెట్టారు. తర్వాత సొంతంగా కెమెరా కొనుక్కున్నాడు. డబ్బుల్లేక తాకట్టు పెడితే వాళ్లమ్మ విడిపించింది. ఆ కెమెరాతోనే పత్రికల్లోకి వచ్చాడు. సైప్రస్, వియత్నాం, బయాఫ్రా, ఇలా ఎక్కడ యుద్ధమైతే అక్కడికి వెళ్లాడు. 1968లో వియత్నాంలో ఆయన తీసిన ఒక అమెరికన్ సైనికుడి ఫొటో ఉంది. చేతిలో తుపాకీ, చూపు మాత్రం ఎక్కడా లేదు. 1970లో కంబోడియాలో ఆయనకే పేలుడులో గాయాలయ్యాయి.

గాయాలు మానాయి. చూసినవి మాత్రం మనసులోంచి పోలేదు. చివరికి సోమర్సెట్ అనే పల్లెసీమకు చేరాడు. చిన్నప్పుడు లండన్ మీద బాంబులు పడుతుంటే పిల్లల్ని పల్లెలకు పంపేశారు. అలా ఆయన వెళ్లింది ఆ సీమకే. అక్కడ చలికాలంలో, ఆకులు రాలిన చెట్లు, నీళ్లు నిలిచిన పొలాలు, మబ్బులు ఫొటోలు తీస్తాడు. వెలుగు కోసం గంటలకొద్దీ నిలబడతాడు. ఆ పొలాలే తనకు మందని చెప్పుకున్నాడు. అయినా ఆ ఫొటోలు చాలా నల్లగా ఉంటాయి, యుద్ధభూమిలాగే. నొప్పి పోయిందని నేననుకోను. దాన్ని పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది.

మా హాస్టల్ పిల్ల తండ్రి ఒకాయన సైన్యం నుంచి వచ్చేశాడు. ఆదివారం కూతుర్ని చూడటానికొస్తే గోడకు వీపు ఆనించే కూర్చుంటాడు. దీపావళికి ఊళ్లోనే ఉండడు. ఊరివాళ్లు కలిసినప్పుడల్లా "యుద్ధం కబుర్లు చెప్పు బావా" అంటారు. దయచేసి అలా అడగకండి. నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయమన్నాను. టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చేశాడో లేదో నేనడగలేదు.

ఒకరోజు ఫోన్ చూపించాడు. నిండా మన కొండలే. లోయలో మంచు, వలిసె పూల చేలు, మళ్లీ అదే కొండ. ఒక్క మనిషీ లేడు. ఎందుకన్నయ్యా అన్నాను.

"మనుషులుంటే ఎంతమందో లెక్కపెట్టడం మొదలెడతాను మేడమ్."

మొన్న ఆదివారం కొత్త ఫొటో చూపించాడు. చేను చివర రెండు ఆవులు, వాటి వెనక కర్ర పట్టుకున్న ఒక పిల్లాడు. నేనేమీ అనలేదు. టీ తెప్పించాను.