రెఫర్ చీటీ రాసే ముందు

ఈరోజు పట్టా అందుకున్న డాక్టర్లారా!

1959లో ఈ కాకతీయ మెడికల్ కాలేజీ పెట్టిన నాటి నుంచీ మన ప్రాంతంలో పెద్ద జబ్బంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రే దిక్కు. 2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లో, మిగతా రెండింటికీ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అయినా అర్ధరాత్రి రోగి బంధువులు వినే మాట మారలేదు: "వరంగల్ తీస్కపోండి."

జనగామకు హైవే ఉంది, రైలుంది. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ తండాలకు అవేవీ లేవు. పలిమెల నుంచి భూపాలపల్లి చేరడమే ఒక ప్రయాసయితే, అక్కడి నుంచి వరంగల్‌కు మరో అరవై కిలోమీటర్ల పైమాటే.

వైద్యమంతా ఒకేచోట పెడితే ఏమవుతుందో చూడండి. టర్కీ రాజధాని అంకారాలో 2019లో మూడు వేలకు పైగా పడకలతో బిల్కెంట్ సిటీ హాస్పిటల్ తెరిచి, నగరం నడిబొడ్డున ఉన్న పాత ప్రభుత్వాసుపత్రులను అందులోకి తరలించారు. నిపుణులంతా ఒకచోట చేరారు, కానీ పాతపేటల వాళ్లకు దవాఖాన దూరమైంది. మన వరంగల్‌లో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. అది కావాల్సిందే. దాన్ని చూపించి జిల్లాల్లో నిపుణుల పోస్టులు ఖాళీగా ఉంచడం మాత్రం అన్యాయం.

నిపుణులు లేకున్నా జిల్లాలోనే మీరు చేయగలిగినవి ఉన్నాయి. పత్తిచేలో పాము కరిచిన మనిషినే తీసుకోండి. పొడిగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడండి. గడ్డకట్టకుండా జారిందంటే రక్తపింజరి విషం ఎక్కినట్టే అనుకోవాలి. ప్లాస్టిక్ ట్యూబులో చేస్తే ఆ ఫలితాన్ని నమ్మలేం. కట్లపామైతే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, అప్పుడు వాలుతున్న కనురెప్పలను చూడాలి. ఇందుకు స్పెషలిస్టు అక్కర్లేదు. యాంటీవెనం అక్కడే మొదలుపెట్టాలి. ఆ పని చేయకుండా అంబులెన్స్ ఎక్కిస్తే, దారిలో పోయే గంటన్నరకు జవాబుదారీ ఎవరు?

పంపక తప్పనప్పుడు కాటు వేసిన సమయం, ఎక్కించిన వయల్స్ చీటీలో రాయండి. అందుకునే డ్యూటీ డాక్టరుకు ముందే ఫోన్ చేయండి.

పీజీ అయ్యాక ఈ మూడు జిల్లాల్లో ఎక్కడ పోస్టింగ్ వచ్చినా చేరండి. మత్తు డాక్టరు, రక్తం, వెంటిలేటరు, ఉండటానికి క్వార్టరు కావాలని గట్టిగా అడగండి. మీ వెంట మేమూ అడుగుతాం.