యంత్రభాగముల అభ్యంగనము

అల్వాల్ స్టేషనులో నిలిచి యున్న ప్రయాణికులు బండి వేళకు వచ్చునా యని అడుగుదురు గాని, దాని ఇరుసుల చివరనుండు బేరింగులు శుభ్రముగా నున్నవా యని ఎవరును అడుగరు. మేమును చాలకాలము అడిగి యెరుగము.

అల్వాలుకు కొద్ది మైళ్ల దూరమున, లాలాగూడలో 1893లో వెలసిన రైల్వే కర్మాగారము నేటికిని ప్రయాణికుల పెట్టెలను బాగుచేయుచున్నది. ఇట్టి కర్మాగారములలో పెట్టెను విప్పినపుడు ఇరుసు బేరింగులను తీసి కడుగుదురు. మాడిన గ్రీజులో దుమ్ము, ఉక్కు రజను కలిసియుండును. ఒక్క రేణువు మిగిలినను రోలరు క్రింద నలిగి, నునుపైన ఉక్కుపై గుంట చేయును. గుంట పెరిగినకొలది వేడి పుట్టును. వేడి మితిమీరిన ఇరుసు విరిగి బండి పట్టా తప్పవచ్చును. అంతేకాదు, మురికి క్రింద దాగిన పగులు పరీక్షకుని కంటికి కనబడదు.

పూర్వము కిరసనాయిలు తొట్టిలో ముంచి కుంచెతో రుద్దెడివారు. నిప్పు భయము ఒకటి, చేతుల చర్మము పగులుట ఒకటి. అంతకంటె పెద్ద లోపము, మొదటి బేరింగు మురికి పదియవదానికి అంటుట. తరువాత ట్రైక్లోరోఎథిలీన్ ఆవిరి వచ్చినది. గ్రీజును వింతగా కరగించెడిది. కాని అది మానవులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించెను. పనివాని ఊపిరి ఖర్చుపై వచ్చు శుభ్రత మనకు వలదు.

అందుచేత పెక్కు గదుల యంత్రము మేలు. మొదటి గదిలో క్షారము కలిపిన వేడినీరు జల్లుగా కొట్టును. రెండవదానిలో మంచి వేడినీరు, మూడవదానిలో వేడిగాలి. పిదప తుప్పు పట్టకుండ నూనె. మన అభ్యంగనమున నూనె ముందు, ఇచట చివర!

గదులు వేరుగా నుండుటలోని కిటుకు మన ఇల్లాండ్రకు క్రొత్తగాదు. వేసవిలో నీటి కరవు వచ్చినపుడు, బట్టలు చివర జాడించిన నీటిని పారబోయక, తరువాతి వాయికి తొలి జాడింపునకు ఉంచుకొందురు గదా! ఇచటను కొన్ని యంత్రములలో చివరి నీరు వెనుక గదికి పోవును. వస్తువు ముందుకు, నీరు వెనుకకు. మంచి నీరు ఎప్పుడును చివరి కడుగుడుకే.

అయినను జల్లు చొరని సందులుండును. వానికి ద్రవములో సెకనుకు ఇరువది వేలకు మించిన కంపనములు పుట్టించు తొట్టి కావలెను. ఆ కంపనముల వలన పుట్టి పగులు సన్నని బుడగలు మూలలలోని మురికిని ఊడగొట్టును. ఇంతయు అయిన పిదప పనివాడు తెల్లని గుడ్డతో లోపల తుడిచి చూచును. గుడ్డ నల్లబడినచో బేరింగు మరల మొదటి గదికి.