ఆగిన గుండె - విద్యుదాఘాతము

"గుండె ఆగినది" అని మనము సులువుగా అనివేయుదుము. కాని నాడి అందని ప్రతి గుండెయు ఒకే తీరున ఆగియుండదు. అప్పుడు యంత్రపు తెరమీద కనిపించు గీతలు నాలుగు విధములు. రెండింటికి విద్యుదాఘాతము కావలెను. రెండింటికి అది నిష్ప్రయోజనము.

మొదటిది గుండె క్రింది గదుల వణకు. గీత పసివాడు పలకమీద గీసిన పిచ్చిగీతవలె నుండును. కండరము వణకుచున్నదే గాని రక్తమును తోయజాలదు. రెండవది అతివేగము: వెడల్పైన అలలు వెంటవెంట వచ్చును, నాడి మాత్రము ఉండదు. ఈ రెండింట ఆఘాతము ఆ కల్లోలమును క్షణకాలము అణచి, గుండె తన లయను అందుకొనుటకు ఎడమిచ్చును. 1947లో క్లీవ్‌లాండు నగరమున క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు ఒక బాలుని ఇట్లే బ్రదికించెను. యంత్రము వచ్చువరకు గుండెను చేతితో నొక్కుచునే యుండెను.

మూడవది చదునుగీత. అక్కడ అణచుటకు కల్లోలమే లేదు. సినిమాలలో దీనికే ఆఘాతమిచ్చి మనిషిని లేపుదురు. అది కథకుల సౌకర్యము. నాలుగవది మోసకారి: గీత ఇంచుమించు సవ్యముగనే కనిపించును, నాడి అందదు. తెర నొక్కదానినే నమ్మరాదు. ఈ రెండింటికి రొమ్ము నొక్కుట, ఊపిరి అందించుట, ఎడ్రినలిన్ సూది, అన్నిటికి మించి కారణమును వెదకుట. కట్లపాము కాటునను, వాగులో మునిగినప్పుడును ముందు ఊపిరి ఆగి పిదప గుండె ఆగును. అట్టివారిలో తరచు కనిపించునవి ఈ గీతలే.

అరకు, పాడేరు కొండలలో రోడ్డు లేని గూడెములనుండి రోగిని డోలీలో మోసికొని వచ్చుట నేటికిని ఉన్నది. 108 వాహనము 2005 నుండి తిరుగుచున్నను, అది ఆగు చోటికి మనిషి చేరవలెను గదా! వణకుచున్న గుండెకు, ఎవరును రొమ్ము నొక్కనిచో, ఆఘాతము ఆలస్యమైన ప్రతి నిమిషమునకు బ్రదుకు అవకాశము నూటికి 7 నుండి 10 వంతులు తగ్గును. ఆ పిచ్చిగీతయే సన్నగిలి చదునగును. డోలీలో మోయుచు రొమ్ము నొక్కుట సాధ్యము కాదు. కావున నాడి ఆగినవానిని గట్టినేలపై పరుండబెట్టి, రొమ్ము నడుమ 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100 నుండి 120 మార్లు నొక్కవలెను. అలసినచో మరొకరు అందుకొనవలెను. వేరొకరు కబురునకు పరుగెత్తవలెను.

గీతను తానే చదివి చెప్పు చిన్న పెట్టెలు నేడు ఉన్నవి. యాత్రికులు గుమిగూడు బొర్రా గుహలవంటి చోట్లను, సంతలలోను అవి ఎంతైన అవసరమని మా అభిప్రాయము. పెట్టె "ఆఘాతము వద్దు" అని పలికినచో మనిషి పోయినాడని అర్థము కాదు. చేతులు వెంటనే మరల రొమ్ముమీదికి పోవలెను.