స్కేలు ఎక్కడ పెట్టారు?

పట్టాలందుకున్న పిల్లల్లారా, ఈ మాస్టారి బెంగంతా మీ లాగ్‌బుక్కుల గురించే.

డిగ్రీలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి తప్పనిసరి చేసింది. విశాఖ సీతమ్మధార పిల్లలైన మీరు కొండవాలు కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగి, యువతకిచ్చే శిక్షణల సంగతి ఆ లాగ్‌బుక్కుల్లో రాసుకొచ్చారు. ఏటా వాటిని దిద్దే ఈ మాస్టారికి రెండే అంకెలు కనిపిస్తాయి: ఎంతమంది చేరారు, ఎంతమందికి సర్టిఫికెట్ వచ్చింది. చేరిన కుర్రాడికి అంతకుముందు ఏమొచ్చు? మధ్యలో మానేసిన అమ్మాయి ఎందుకు మానేసింది? ఆ గడులు ఖాళీ.

2023 అసర్ (వార్షిక విద్యాస్థితి నివేదిక) సర్వేలో దేశంలోని 28 జిల్లాల్లో 14–18 ఏళ్ల పిల్లలను ఇళ్ల దగ్గరే కలిశారు. మన రాష్ట్రం నుంచి దగ్గర్లోని శ్రీకాకుళాన్ని తీసుకున్నారు. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెడితే దాదాపు 85 శాతం మంది పొడవు సరిగ్గా చెప్పారు. కాస్త పక్కకు జరిపితే చెప్పగలిగింది 39 శాతమే. శిక్షణలను కొలిచేవాళ్లూ అక్కడే తప్పుతున్నారు. ఇంట్లో వెల్డింగ్ చూస్తూ పెరిగినవాడినీ, కంప్యూటర్ ముట్టనివాడినీ ఒకే సున్నా దగ్గర నిలబెడుతున్నారు.

ఓపికగా కొలిచినవాళ్లూ ఉన్నారు. 2002లో మొదలై, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఎంచుకుంది. దాని కోసం తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వాళ్లు అవే గడపలకు మళ్లీ మళ్లీ వెళ్లారు. పసిపాపలు పట్టభద్రుల వయసుకొచ్చారు. ఎవరు చదువాపారు, ఎవరికి తొందరగా పెళ్లయింది, ఎవరు పనిలో చేరారు అన్నది అలా తిరిగి వెళ్లబట్టే తెలిసింది.

మరి మీరేం చేశారర్రా? లాగ్‌బుక్కులో సంతకం కోసం నాలుగుసార్లు తలుపు తట్టారు, ఫలితం చెప్పడానికి ఒక్కసారి వెళ్లలేకపోయారా? తలుపు తీసిన ఇల్లాలు ఇంటిపని పక్కనపెట్టి మీకు జవాబులు చెప్పింది. ఆమె కొడుకు గురించి ఏం రాశారో తెలుసుకునే హక్కు ఆమెకు లేదా? పోర్టులోనో స్టీల్ ప్లాంటులోనో పని దొరుకుతుందని ఆశపడి చేరినవాడిని “శిక్షణ బాగుందా?” అని అడిగి వచ్చేస్తే సరిపోతుందా?

ఫొటోలయ్యాక డిపార్ట్‌మెంటుకు రండి, బీరువా తాళం తీసే ఉంటుంది. ఎవరి నివేదిక వాళ్లు తీసుకుని, సారాంశం ఒక్క పేజీలో తెలుగులో రాసి, వచ్చే ఆదివారం మీరు తిరిగిన కాలనీకి పట్టుకెళ్లండి. శిక్షణ మధ్యలో మానేసినవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. వచ్చే బ్యాచ్ అడగాల్సిన ప్రశ్నలేమిటో వాళ్లనే చెప్పమనండి.