అవ్వ పడుకునే మూల



రాయలసీమ అంటే ఎండలే అనుకుంటారు బయటివాళ్ళు. నల్లమల పక్క గూడేల్లో పుష్యమాసం తెల్లవారుజాము ఎట్లుంటుందో మీకు మేము చెప్పనక్కరలేదు.

సెలవులయి హాస్టల్‌కు వచ్చే పిల్లల్లో దగ్గు ఏటా చూస్తున్నాం. అడిగితే "కొత్తింట్లో చలి మేడమ్" అంటారు. స్లాబు ఉంది, తలుపు ఉంది. మరి చలి ఎక్కడిది?

చెంచుల పాత కొట్టం గుండ్రంగా ఉండేది. చుట్టూ వెదురు తడిక, పైన గడ్డి కప్పు. తడికకు మట్టీ పేడా మెత్తితే సందులు మూసుకునేవి. అదేదో స్వర్గమని మేము అనడం లేదు. వానకు కారేది, పొగకు కళ్ళు మండేవి, నిప్పురవ్వ పడితే బూడిదే. పక్కా ఇల్లు మన హక్కు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచుల వంటి ఆదిమ తెగలకు ఇళ్ళు కూడా ఉన్నాయి. కానీ కొట్టాన్ని మనమే మెత్తుకునేవాళ్ళం. స్లాబు ఇంటిని మాత్రం కాంట్రాక్టరు వదిలినట్టే వదిలేస్తున్నాం. మాకు బాధ కలిగేది అక్కడే.

ఒకసారి మా పిల్లలు కిటికీ కింద ఎవరు పడుకోవాలని కొట్లాడుకున్నారు. రాత్రి ఫ్యాన్లు ఆపి, అగరబత్తి వెలిగించి గదంతా తిప్పి చూశాం. కిటికీ దగ్గర పొగ నిటారుగానే లేచింది. తలుపు కింద పెట్టేసరికి లోపలికి వంగింది! వేడిగాలి పైకి లేచి పై సందుల్లోంచి పోతుంటే, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి దూరుతుంది. పాత చీరముక్కను గొట్టంలా కుట్టి, ఇసుక నింపి, తలుపు కింద అడ్డం పెట్టాం. కొట్లాట ఆగింది. చెక్క తలుపు అంచుకైతే పాత సైకిల్ ట్యూబు కోసి మేకులు కొట్టొచ్చు. కిటికీ చట్రం చుట్టూ ఉన్న పగుళ్ళకు కొంచెం సిమెంటు చాలు. నాపబండల మీద వట్టి చాప వేస్తే ఒళ్ళు జిల్లుమంటుంది, కింద గోనెసంచులు పరవండి.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాం. సందులన్నీ మూసి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గడ్డికప్పులోంచి గాలి ఆడేది, స్లాబులోంచి ఆడదు. పొయ్యి ఉన్న గదిలో పైన గాలిదారి వదలాల్సిందే.

సంక్రాంతికి ఇంటికి పోయేటప్పుడు ఒక అగరబత్తి కట్ట తీసుకపోండి. అవ్వ పడుకునే మూలలోనే మొదట వెలిగించి చూడండి.