గడ్డి కూడా పచ్చదనమే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మొక్కలు నాటుదామని మన సంఘం తీర్మానించింది. మంచి పని. ఉస్మానియాలో వృక్షశాస్త్రం చదివి, తార్నాకలో స్థిరపడినవాడిగా దానికి ఒక మాట కలుపుతాను: నాటే ముందు ఆ నేల ఎలాంటిదో చూద్దాం.

హబ్సిగూడలోని సీసీఎంబీ మీకు తెలుసు. 1977లో అది తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల ఆవరణలోనే మొదలైంది. అక్కడి శాస్త్రవేత్తలు పడమటి కనుమల చెట్ల వంశవృక్షాలను పరిశీలించి, దక్షిణ భాగంలో ప్రాచీన వంశాలు బాగా మిగిలాయని చూపారు. ఏ అడవిని ముందు కాపాడాలో చెప్పడానికి చెట్ల లెక్క ఒక్కటే చాలదు, వాటి పుట్టుపూర్వోత్తరాలూ కావాలి.

గడ్డినేలకూ అలాంటి చరిత్ర ఉంది. ఎండను తట్టుకునే గడ్డిజాతులు దక్షిణాసియాలో 70, 80 లక్షల ఏళ్ల కిందటే విస్తరించాయి. కాబట్టి ప్రతి గడ్డినేలా అడవి నరికితే మిగిలిన బీడు కాదు. కృష్ణజింక పరుగుకు, నేల మీదే గుడ్డు పెట్టే బట్టమేక పక్షికి ఆ బయలే ఆధారం.

ఆ బట్టమేక కోసమే 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడును అభయారణ్యం చేశారు. పేరులో అరణ్యం ఉంది, నేల మీద ఉన్నది గడ్డి! చుట్టుపక్కల బయళ్లు పొలాలయ్యాయి. ఇప్పుడక్కడ ఆ పక్షి కనిపించడం గగనమైంది.

కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దానికి దట్టమైన అడవీ పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పొదల మధ్య ఖాళీ నేల కావాలి. అడవినీ బయలునూ విడదీసి కాపాడలేమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయినా కాగితాల్లో పొదనేలలు బంజరు భూముల లెక్కలోకే పోతున్నాయి. యూనివర్సిటీలో పొద్దున నడకకు వచ్చేవాళ్లూ రాళ్లూ గడ్డీ ఉన్న చోటును ఖాళీ జాగా అంటారు. నెమళ్లు తిరిగేది ఆ ఖాళీలోనే.

2015లో మొదలైన హరితహారం మనకు మొక్క నాటడం అలవాటు చేసింది. ఎక్కడ నాటాలో మనమే నేర్చుకోవాలి. బడి ఆవరణలో, రోడ్ల పక్కన వేప, కానుగ, చింత నాటుదాం. ఊరి మేత బయలు జోలికి, గుట్ట మీది గడ్డి జోలికి పోవద్దు. గడ్డి తన కర్బనాన్ని చాలావరకు వేళ్లలో, మట్టిలో దాచుకుంటుంది. దున్ని గుంతలు తవ్వితే ఆ నిల్వే చెదిరిపోతుంది.

సైన్సు చెప్పే టీచర్లకు ఒక విన్నపం. వానలు పడ్డాక పిల్లల్ని గుట్టకు తీసుకెళ్లి గడ్డిరకాలు, పక్షులు, పురుగులు రాయించండి. ఏటా అదే చోట రాయిస్తే పదేళ్లకు మన బడి దగ్గర ఏ పుస్తకంలోనూ లేని రికార్డు ఉంటుంది. అందుకు కావలసిన నోటుపుస్తకాలు, బైనాక్యులర్ల ఖర్చు నేను భరిస్తాను.